పైడి జైరాజ్

1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమునందు ఒక తెలుగు కుటుంబమున పైడిపాటి జైరుల నాయుడు జన్మించెను. లోకము ఆయనను జైరాజ్ అను పేరుతో ఎఱుగును. ఆ దినములలో కరీంనగరము నిజాము ఏలుబడిలోనిది. ఇంటిలో తెలుగు, కచేరీలో ఉర్దూ. ఈ రెండు భాషల నడుమ అచటి బాలురు పెరుగుచుండిరి. జైరాజ్ హైదరాబాదు చేరి నిజాం కళాశాలలో చదివెను. ఈ భాషల సంగతి విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

సినిమా నటుడనిన గౌరవ కుటుంబములవారు ముఖము చిట్లించు కాలమది. అయినను 1929 నాటికి ఆ యువకుడు బొంబాయి చేరియుండెను. అప్పటి చిత్రములకు మాట లేదు. పాత్రల పలుకులు తెరపై అక్షరములుగా కనబడుచుండెను. కనుక నటునకు కావలసినది భాష కాదు. చక్కని రూపము, కత్తిసాము, గుఱ్ఱపుస్వారి, ధైర్యము. జైరాజ్ ఆజానుబాహువు. 1929లో ‘జగ్మగతీ జవానీ’ అను చిత్రమున చిన్న వేషము దొరకినది. మరుసటి యేడు ‘రసీలీ రాణి’లో ఆయనయే నాయకుడు.

ఇంతలో 1931లో ‘ఆలం ఆరా’ వచ్చెను. బొమ్మ మాటలాడ నేర్చినది! ఆ ఒక్క మార్పుతో మూకీ నటుల బ్రదుకులు తలక్రిందులైనవి. ఉచ్చారణ కుదరనివారికి వేషములు తగ్గిపోయెను. పరభాషా ప్రాంతమునుండి వచ్చిన తెలుగు యువకునకు అది గండమే. కాని నిజాము రాజ్యమున నేర్చిన ఉర్దూ ఆయనను గట్టెక్కించెను. 1932లో ‘షికారీ’ అను టాకీలో ఆయన నటించెను. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడినది కూడ ఆ సంవత్సరముననే. దానిని సైతము బొంబాయిలోనే తీసిరి. తెలుగున పలికెడి చిత్రములు లేని నాడే ఆయన ఇల్లు విడిచెనని దీనివలన తెలియుచున్నది.

తరువాత బొంబాయి టాకీస్ సంస్థవారి ‘భాభీ’ (1938)లో నటించెను. దాని దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అను జర్మను దేశీయుడు. 1943లో ‘హమారీ బాత్’లో దేవికారాణి సరసన నాయకుడయ్యెను. 1945లో ‘ప్రతిమ’కు తానే దర్శకత్వము వహించెను. అందలి నాయకుడు దిలీప్ కుమార్, అప్పటికి క్రొత్త నటుడు.

ఆయన కీర్తికి మూలము చారిత్రక చిత్రములు. ‘అమర్ సింగ్ రాథోడ్’ (1956), ‘టిప్పు సుల్తాన్’, ‘పృథ్వీరాజ్ చౌహాన్’ (1959), ‘వీర్ దుర్గాదాస్’ (1960), ‘చంద్రశేఖర్ ఆజాద్’ (1963) – రాజపుత్ర వీరుడైనను, మైసూరు సుల్తానైనను, విప్లవవీరుడైనను ఆ కవచము ఆయనకే అమరెను. ఉత్తరాది ప్రేక్షకులు తమ వీరులను మానేటి ఒడ్డున పుట్టిన తెలుగువాని రూపమున చూచుకొనిరనుట వింతయే. పిల్లలకు మాత్రము వీరందఱికంటె మాయలు, అద్భుతములు నిండిన ‘హాతింతాయీ’ (1956) ఎక్కువ రుచించెడిదేమో!

విదేశీయులు కూడ ఆయనను పిలిచిరి. సోవియట్ దేశముతో కలసి తీసిన ‘పరదేశి’ (1957)లో నటించెను. అఫనాసి నికితిన్ అను రష్యను వర్తకుడు మన దక్కనుకు వచ్చిన కథ అది. గాంధీజీ హత్యను గూర్చిన ‘నైన్ అవర్స్ టు రామా’ (1963)లో ఘనశ్యామదాస్ బిర్లా పాత్ర ధరించెను. ‘మాయా’ (1966) అను ఆంగ్ల చిత్రమునందును కనబడెను.

వయస్సు మీఱిన పిదప నాయక పాత్రలు పోయెను. చిన్న వేషములు మిగిలెను. ‘షోలే’ (1975)లో పోలీసు అధికారిగా తెరపై కొలది సేపు మాత్రమే నిలుచును. ఒకనాడు రాజ్యములేలిన నటునకు అది తక్కువ వేషమని చూచువారికి తోచవచ్చును గాని, ఆయన పని మానలేదు.

1980వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను. తెలుగువారిలో అంతకు ముందు దానిని పొందినది బి. ఎన్. రెడ్డి ఒక్కరే. జైరాజ్ 2000వ సంవత్సరము ఆగస్టు నెలలో, తొంబదేండ్ల వయస్సున, ముంబయిలో కన్నుమూసెను. హైదరాబాదు రవీంద్రభారతిలోని చిత్రప్రదర్శనశాలకు తరువాతి కాలమున ఆయన పేరు పెట్టిరి.