టర్బైన్‌ను నమ్ముకున్న చాప్‌మన్

బ్రిటన్‌లో లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్‌ది జీవితమంతా ఒకటే పట్టుదల. రేసు కారు తేలిగ్గా ఉండాలి. 1928లో పుట్టిన ఆయన లండన్‌లో ఇంజనీరింగ్ చదివారు. పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తన మొదటి కారు తయారు చేసుకున్నారు.

1968లో అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 రేసు కోసం లోటస్ 56ను దించారు. అందులో ఉన్నది విమానాల తరహా గ్యాస్ టర్బైన్. పిస్టన్లు లేవు, రేడియేటర్ అక్కర్లేదు, గేర్లు మార్చే పనీ లేదు.

అదే ఏడాది ఏప్రిల్ 7న ఆయనకు ఎంతో ఆప్తుడైన డ్రైవర్ జిమ్ క్లార్క్ జర్మనీలో వేరే కారు రేసులో చనిపోయారు. సరిగ్గా నెలకు, ఇండియానాపోలిస్‌లో టర్బైన్ కారు నడుపుతూ మైక్ స్పెన్స్ కూడా ప్రాణం పోగొట్టుకున్నారు. చాప్‌మన్ కుంగిపోయారు. అయినా మిగతా కార్లు రేసులో దిగాయి. జో లియొనార్డ్ అందరికంటే ముందున్నారు. ఇంకా 9 ల్యాపులే ఉన్నాయనగా ఇంజన్ ఆగిపోయింది. ఇంధన పంపును తిప్పే చిన్న షాఫ్ట్ విరిగింది, అంతే.

1971లో ఫార్ములా వన్‌లోనూ ప్రయత్నించారు. యాక్సిలరేటర్ తొక్కినా శక్తి వెంటనే అందేది కాదు. కాలు తీసినా కారు ముందుకే తోసుకెళ్లేది. మోంజాలో ఎమర్సన్ ఫిట్టిపాల్డికి దక్కింది 8వ స్థానం. దాంతో టర్బైన్‌ను పక్కన పెట్టేశారు.

1982లో గుండెపోటుతో 54 ఏళ్లకే చాప్‌మన్ కన్నుమూశారు. టర్బైన్ నిలవలేదు. కానీ ముందు పలచగా, వెనక ఎత్తుగా ఉన్న ఆ కారు ఆకారమే లోటస్ 72కి వచ్చింది. అది మామూలు పిస్టన్ ఇంజన్‌తోనే ప్రపంచ టైటిళ్లు గెలిచింది.