స్త్రీజనోద్ధారకులు శ్రీ కందుకూరి వీరేశలింగం పంతులుగారు

ఆంధ్రదేశమున బాలికల కన్నీరు తుడుచుటకై జీవితమును ధారవోసిన మహనీయులలో శ్రీ కందుకూరి వీరేశలింగం పంతులుగారు అగ్రగణ్యులు. వీరు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున సుబ్బారాయుడుగారికిని, పున్నమ్మగారికిని జన్మించిరి. నాల్గవ యేటనే తండ్రిని గోల్పోయి పెదతండ్రిగారి పోషణలో పెరిగిరి. నాటి ఆచారము ననుసరించి బాల్యమందే రాజ్యలక్ష్మమ్మగారితో వివాహమయ్యెను.

ఆ కాలమున ముక్కుపచ్చలారని బాలికలను ధనమునకై వృద్ధులకు కట్టబెట్టెడివారు. భర్త మరణించినచో ఆ పసిదానికి తల గొరిగించి, పూట కూడు పెట్టి, శుభకార్యముల కెదురు రానీయక చాకిరి చేయించెడివారు. ఇది హింసయని తలచినవారు అరుదు. వితంతువులు మరల వివాహమాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చినను, మన ప్రాంతమున పాతికేండ్లవరకు అది కాగితముపైననే నిలిచెను. ఒంటరిగా సాహసించిన కుటుంబమునకు వెలి తప్పదు గదా!

పంతులుగారు ఈ కీలకమును గ్రహించిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ప్రారంభించి దురాచారములను ఎండగట్టిరి. కాని కలమొక్కటియే చాలదని తెలిసి, 1878లో మిత్రులతో గూడి సంఘసంస్కరణ సమాజమును నెలకొల్పిరి. విద్యార్థులు వారి వెంట నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్య మొసగిరి.

1881 డిసెంబరు 11వ తేదీన గౌరమ్మయను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములుగారితో రాజమహేంద్రవరమున వివాహము జరిపించిరి. పట్టణమంతయు అట్టుడికిపోయెను. విద్యార్థులు కావలి కాసిరి. నాల్గు దినములకే రెండవ వివాహము జరిగెను. ఈ కార్యములకు తోడ్పడినవారిని వెలివేసిరి, బంధువులు దూరమైరి, వంటవారును నీళ్లు మోయువారును రామానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు దెచ్చి, అందరికిని వండి వడ్డించిరి. ఆ యిల్లాలి ఓర్పే లేనిచో ఆ యుద్యమము తొలి అడుగులోనే ఆగిపోయెడిది. వెలికి జంకి కొందరు తొలగినను, నిలిచినవారు ఒకరికొకరు బంధువులైరి. తరువాత సుమారు 40 వివాహములు జరిగెను.

దిక్కులేని వితంతువులకు పంతులుగారు శరణాలయములను నెలకొల్పి చదువు చెప్పించిరి. తమ తరువాతను పని సాగవలెనని 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, యావదాస్తిని దానికి సమర్పించిరి. 1910లో సహధర్మచారిణి గతించినను కృషి మానలేదు. 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున కీర్తిశేషులైరి.

పంతులుగారి యనంతరము 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వచ్చెను. నేడు అమలులోనున్న 2006వ సంవత్సరపు చట్టము, 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుటను నిషేధించుచున్నది. అయినను 1856 నాటి చట్టము మనకు నేర్పిన పాఠము మరువరాదు. ఇరుగుపొరుగువారు చూచి చూడనట్లూరకున్నచో ఎంత మంచి శాసనమైనను నిద్రించును. కొట్లు తినుచున్న కోడలికిని, బడి మాన్పింపబడిన బాలికకును అండగా పదిమంది నిలిచిననాడు అది మేల్కొనును. చదువరులెల్లరు ఆ పదిమందిలో నొకరగుటయే పంతులుగారికి మనమర్పింపగల నివాళి.