తీగ లేని మాటను కలగన్న గ్రాహంబెల్

టెలిఫోన్‌ను కనిపెట్టినది ఎవరు అని అడిగితే మన హాస్టల్లో ఐదో తరగతి పిల్లవాడు కూడా ఠక్కున గ్రాహంబెల్ అని చెబుతాడు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆయనకు దక్కింది ఆ ఒక్క లైనే. పోటీ పరీక్షలో ఒక మార్కుకు అది చాలు. కానీ ఆ లైను వెనుక డెబ్బై ఐదేళ్ళ జీవితం ఉంది. అందులో మనం నేర్చుకోవలసినదీ ఉంది, నేర్చుకోకూడనిదీ ఉంది. తీగ అవసరం లేకుండా మాటను దూరానికి పంపిన మొదటి ఫోన్ కూడా ఆయన చేసినదే. తన పనులన్నింటిలో టెలిఫోన్ కంటే దాన్నే ఆయన గొప్పదిగా భావించారు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

బాల్యం

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. తాత, తండ్రి ఇద్దరూ ఉచ్చారణ నేర్పే ఉపాధ్యాయులు. ఏ శబ్దం పలకడానికి నాలుక, పెదవులు, గొంతు ఎలా కదలాలో గుర్తులతో చూపించే ఒక లిపిని తండ్రి తయారుచేశారు. తల్లికి వినికిడి బాగా తక్కువ. మిగతావాళ్ళు ఆమె చెవి దగ్గర గొట్టం పెట్టి గట్టిగా మాట్లాడితే, బెల్ మాత్రం ఆమె నుదుటికి దగ్గరగా నోరు పెట్టి లోగొంతుతో, స్పష్టంగా మాట్లాడేవారు. ఆ కంపనాల వల్ల తన మాట ఆమెకు అందుతుందని చిన్నప్పుడే గ్రహించారు. శబ్దం అంటే కంపనం అని మనం సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. ఆయన తల్లి దగ్గర నేర్చుకున్నారు.

బడిలో బెల్ గొప్ప విద్యార్థి ఏమీ కాదు. పదిహేనో ఏట బడి మానేశారు. పదహారో ఏట ఒక పాఠశాలలో ఉచ్చారణ, సంగీతం చెబుతూ తానూ చదువుకున్నారు. ఇంతలో ఆ ఇంటిమీద పిడుగు పడింది. క్షయ వ్యాధితో తమ్ముడు 1867లో, అన్న 1870లో చనిపోయారు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో ఇల్లూ ఊరూ వదిలి కెనడా వెళ్ళిపోయారు.

చెవిటి పిల్లల పంతులు

1871లో బెల్ అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళి చెవిటి పిల్లల బడిలో పని మొదలుపెట్టారు. తండ్రి తయారుచేసిన లిపి సాయంతో పిల్లలకు మాటలు పలకడం నేర్పేవారు. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. ఒకే తీగమీద ఒకేసారి అనేక టెలిగ్రాములు పంపే యంత్రం చేయాలన్నది అప్పటి ప్రయత్నం. డబ్బు పెట్టినవాళ్ళు ఆయన విద్యార్థుల తండ్రులే. ఒకరు థామస్ శాండర్స్, మరొకరు గార్డినర్ హబ్బర్డ్. హబ్బర్డ్ కూతురు మేబెల్‌కు ఐదో ఏట విషజ్వరం వచ్చి వినికిడి పోయింది. తరువాత ఆమే బెల్ భార్య అయింది.

విద్యుత్ పనులు తెలిసిన థామస్ వాట్సన్ అనే యువకుడు ఆయనకు తోడయ్యాడు. 1875 జూన్ 2న వాట్సన్ ఒక గదిలో ఇరుక్కుపోయిన లోహపు రేకును మీటితే, ఆ శబ్దం తీగ వెంట పక్క గదిలో ఉన్న బెల్ చెవికి చేరింది. మాట కూడా ఇలాగే ప్రయాణం చేయగలదని ఆయనకు నమ్మకం కుదిరింది. 1876 ఫిబ్రవరి 14న బెల్ తరఫున పేటెంటు దరఖాస్తు దాఖలైంది. అదే రోజు ఎలీషా గ్రే అనే మరో శాస్త్రజ్ఞుడి పత్రాలు కూడా అదే కార్యాలయానికి చేరాయి. మార్చి 7న బెల్‌కు పేటెంటు వచ్చింది. మూడు రోజుల తరువాత, పక్క గదిలో ఉన్న వాట్సన్‌ను ఆయన పిలిచిన పిలుపు తీగమీద స్పష్టంగా వినిపించింది.

ఈ ఘనత ఒక్కరిదేనా అన్న వాదం అప్పటినుంచీ ఉంది. జర్మనీకి చెందిన ఫిలిప్ రైస్, ఇటలీకి చెందిన ఆంటోనియో మెయూచీ అంతకుముందే ఇలాంటి యంత్రాల మీద పనిచేశారు. బెల్ కంపెనీ వందల కేసులను ఎదుర్కొని గెలిచింది. అమెరికా ప్రతినిధుల సభ 2002లో మెయూచీ కృషిని గౌరవిస్తూ తీర్మానం చేసింది. ఏ గొప్ప పనిలోనైనా చాలామంది చేతులు ఉంటాయని మనం గుర్తుంచుకోవాలి.

1877 జూలైలో కంపెనీ ఏర్పడిన రెండు రోజులకే బెల్ పెళ్ళి జరిగింది. తన వాటాల్లో పది మాత్రం ఉంచుకుని మిగిలినవన్నీ భార్యకు పెళ్ళి కానుకగా ఇచ్చేశారు. టెలిఫోన్ ఎంతో కాలం గడవకుండానే మన దేశానికీ వచ్చింది. 1882 జనవరిలో కలకత్తాలో ఎక్స్ఛేంజి ప్రారంభమైంది.

వెలుగుమీద ప్రయాణించిన మాట

1880లో ఫ్రాన్సు ప్రభుత్వం బెల్‌కు వోల్టా బహుమతి ఇచ్చింది. యాభై వేల ఫ్రాంకులు. ఆ డబ్బుతో ఆయన వాషింగ్టన్‌లో ప్రయోగశాల పెట్టారు. చార్లెస్ సమ్నర్ టెయింటర్ అనే సహాయకుడితో కలిసి ఆ ఏడాదే ఆయన చేసిన యంత్రం ఫోటోఫోన్. మాటను తీగమీద కాక వెలుగుమీద పంపే ఫోన్ అది.

అది పనిచేసే తీరు చెబుతాను. ఒక పలుచని అద్దం వెనుక మాట్లాడితే, ఆ మాటకు అద్దం లోపలికీ బయటికీ వణుకుతుంది. దానిమీద పడి తిరిగి వెళ్ళే ఎండ, మాటను బట్టి అవతల చోట ఎక్కువ తక్కువలవుతుంది. అక్కడ గిన్నెలాంటి పెద్ద అద్దం ఆ వెలుగును సెలీనియం అనే పదార్థం మీద పడేటట్టు చేస్తుంది. వెలుగు పెరిగితే సెలీనియంలో కరెంటు సులువుగా పారుతుంది, తగ్గితే కష్టంగా పారుతుంది. దానికి బ్యాటరీ, ఫోన్ రిసీవరు తగిలిస్తే మారుతున్న కరెంటు మళ్ళీ మాటగా వినిపిస్తుంది.

1880 జూన్ 3న టెయింటర్ ఒక బడి భవనం పైకెక్కి ఈ యంత్రంలో మాట్లాడారు. 213 మీటర్ల దూరాన ప్రయోగశాల కిటికీ దగ్గర బెల్ విన్నారు. వినిపిస్తే టోపీ ఊపమని టెయింటర్ అడగగానే బెల్ టోపీ ఊపారు. మధ్యలో తీగ లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పుట్టిన రెండో కూతురికి ఫోటోఫోన్ అని పేరు పెట్టాలని కూడా ఆయన ముచ్చటపడ్డారట. భార్య ఒప్పుకోకపోవడంతో ఆ పాప మేరియన్ అయింది!

కానీ మబ్బు పట్టినా, మంచు కురిసినా, వాన వచ్చినా ఫోటోఫోన్ పనిచేయదు. అందుకే అది బజారులోకి రాలేదు. 1900లో రెజినాల్డ్ ఫెసెండెన్ అనే శాస్త్రజ్ఞుడు రేడియో తరంగాలతో మాట పంపాక ప్రపంచం ఆ దారి పట్టింది. అయినా బెల్ ఆలోచన వృథా కాలేదు. 1960లో లేజర్, 1970లో నాణ్యమైన గాజు తీగ వచ్చాక మాట మళ్ళీ వెలుగుమీద ప్రయాణం మొదలుపెట్టింది. ఈరోజు మన ఊళ్ళకు వస్తున్న ఫైబర్ కేబుల్‌లో నడిచేది వెలుగే.

మన కార్డ్‌లెస్ ఫోన్

ఆఫీసుల్లోనూ కొన్ని ఇళ్ళలోనూ కనిపించే కార్డ్‌లెస్ ఫోన్ రేడియో దారిలో వచ్చినదే. ఇందులో రెండు భాగాలుంటాయి. బేస్ అనే పెట్టెకు టెలిఫోన్ లైను, కరెంటు రెండూ ఇవ్వాలి. చేతిలో పట్టుకు తిరిగే హ్యాండ్‌సెట్‌కూ బేస్‌కూ మధ్య మాట రేడియో తరంగాల మీద వెళుతుంది. 1980లలో వచ్చిన పాత సెట్లలో పక్కింటివాళ్ళ మాటలు కూడా వినిపించేవి. 1990లలో యూరప్‌లో వచ్చిన డెక్ట్ అనే డిజిటల్ పద్ధతిలో ఆ బెడద చాలా తగ్గింది. పల్లెలకు తక్కువ ఖర్చుతో ఫోన్లు ఇవ్వడానికి ఐఐటి మద్రాసు వారు కార్‌డెక్ట్ వ్యవస్థను తయారుచేసినది ఈ పద్ధతి ఆధారంగానే.

ఎవరి ఇంట్లోనైనా ఈ ఫోన్ బిగించవలసి వస్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. బేస్‌ను ఇంటి మధ్యలో, కొంచెం ఎత్తున పెట్టాలి. ఇనుప బీరువా, ఫ్రిజ్ పక్కన పెడితే సిగ్నల్ తగ్గుతుంది. కొత్త హ్యాండ్‌సెట్‌ను వాడేముందు, దానితో వచ్చిన పుస్తకంలో చెప్పినన్ని గంటలు చార్జింగ్ చేయాలి. హ్యాండ్‌సెట్ ఎక్కడో మరిచిపోతే బేస్ మీది బటన్ నొక్కితే అది మోగుతుంది. డెక్ట్ సెట్ ఇంట్లో దాదాపు 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల వరకు అందుతుంది. ముఖ్యమైనది ఒకటుంది. కరెంటు పోతే బేస్ ఆగిపోతుంది, ఫోన్ మూగబోతుంది. పాత తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది కనుక చీకట్లో కూడా మోగేది. అలాంటి లైను ఉన్నచోట ఒక మామూలు ఫోన్ కూడా ఉంచుకోవడం మంచిది.

ఆయన వినని మాట

ఇక నేర్చుకోకూడని సంగతి. ఫోటోఫోన్ పనిచేసిన ఆ 1880లోనే, సెప్టెంబరులో, ఇటలీలోని మిలన్ నగరంలో చెవిటి పిల్లల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. బడుల్లో సైగల భాష వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. ఆ సభకు బెల్ వెళ్ళలేదు కానీ అమెరికాలో ఆ వాదానికి పెద్ద అండ ఆయనే. సైగల భాష ఆయనకు వచ్చు. అయినా చెవిటివాళ్ళు నలుగురిలో కలవడానికి అది అడ్డమని నమ్మారు. చెవిటివాళ్ళు చెవిటివాళ్ళను పెళ్ళి చేసుకోవడం మంచిది కాదని 1883లో సైన్సు అకాడమీ ముందు వాదించారు. తల్లికీ భార్యకూ వినపడదు, జీవితమంతా చెవిటివాళ్ళ మేలు కోరారు. మీకు ఏ భాష కావాలి అని మాత్రం వాళ్ళను అడగలేదు. ఎన్నో బడుల్లో పిల్లలు తమ సొంత భాష వాడితే శిక్షలు అనుభవించారు. మిలన్ తీర్మానం వల్ల జరిగిన నష్టానికి 2010లో వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ విచారం తెలిపింది. మన దేశంలో భారతీయ సైగల భాష కోసం 2015లో ఢిల్లీలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు మనమే గుర్తుకొచ్చాం. మా అమ్మానాన్న బడికి వెళ్ళలేదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. పీజీ సీటు వచ్చి పట్నం వెళ్ళిన కొత్తలో నా యాస విని నవ్వినవాళ్ళున్నారు. మన మేలు కోరేవాళ్ళే, ఆ మాట మార్చుకో, బాగుపడతావు అని సలహా ఇస్తారు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, బాగా నేర్చుకోవాలి. దానికి అమ్మ మాటను సిగ్గుపడి దాచుకోనక్కర లేదు. రెండూ ఒకే నోట్లో ఉండగలవు.

చివరి రోజులు

బెల్ 1887లో హెలెన్ కెల్లర్‌కు టీచరు దొరికే దారి చూపినవారిలో ఒకరు. చూపు, వినికిడి రెండూ లేని ఆమె తన ఆత్మకథను ఆయనకే అంకితం ఇచ్చింది. విమానాల మీద, పడవల మీద చివరిదాకా ప్రయోగాలు చేశారు. చదువుకునే గదిలో మాత్రం టెలిఫోన్ పెట్టుకోలేదు, ఏకాగ్రత చెడుతుందని. సెల్ పక్కన పెట్టుకుని పరీక్షలకు చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ఈ సంగతి గమనించాలి!

1922 ఆగస్టు 2న కెనడాలోని తన ఇంట్లో బెల్ కన్నుమూశారు. అంత్యక్రియల సమయంలో ఉత్తర అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక్క నిమిషం మౌనం పాటించాయి.

తల్లికి వినపడాలని నుదుటి దగ్గర మాట్లాడిన పిల్లవాడు ప్రపంచం మాటను దూరాలకు చేర్చాడు. ఆ పట్టుదల మనం తీసుకుందాం. ఎవరికి మేలు చేయాలనుకుంటామో వాళ్ళ మాట ముందుగా వినడం కూడా నేర్చుకుందాం. రేపు మనలో కొందరు టీచర్లవుతారు, వార్డెన్లవుతారు, ఆఫీసర్లవుతారు. అప్పుడు మన ముందుకు వచ్చే పిల్లవాడు ఏ యాసలో మాట్లాడినా, సైగలతో మాట్లాడినా, చివరిదాకా విందాం.