నేర్చుకున్న మాష్టారు గిడుగు రామమూర్తి పంతులు

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మనందరికీ తెలుసు. నేను మాత్రం ఆయన్ని ఒక స్కూలు మాష్టారుగా చూపించాలనుకుంటున్నాను. మనలో చాలామంది డిగ్రీ అయ్యాక బి.ఎడ్. చేస్తామంటున్నాం కదా.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పాసయ్యారు. ఆయన చెప్పేది చరిత్ర పాఠం. దగ్గర్లోని ముఖలింగం గుడిలో పాత శాసనాలు ఉన్నాయి. అవి చదవాలని పుస్తకాలు తెప్పించుకుని ఆ లిపి సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తనకి రావాలని అనుకున్నారు. ఆ భాషకి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని అతని దగ్గర శిష్యుడిలా నేర్చుకున్నారు. కొండలెక్కి పాటలూ కథలూ రాసుకున్నారు. మన్యం జ్వరానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. సవర భాషలో పాఠ పుస్తకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకి వద్దన్నారు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఇంకో సంగతి, ఆయన ఒంటరిగా పనిచెయ్యలేదు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుకి ఒక సందేహం వచ్చింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకు? విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ప్రిన్సిపాలు, ఒక కవి, ఒక మాష్టారు కలిశారు. అయ్యంగారు తమిళుడే అయినా తెలుగు కోసం వాదించారు. ఎదుటి పక్షంలో పెద్ద పండితులు ఉన్నారు. గిడుగు వాళ్ళని తిట్టి ఊరుకోలేదు. పాత కావ్యాలన్నీ వెతికి, పండితులు తప్పంటున్న రూపాలు అక్కడే ఉన్నాయని చూపించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇదంతా చదువుతుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. విరుదునగర్ జిల్లాలో, పశ్చిమ కనుమల కింద వత్రాప్ మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అవ్వ అన్నాన్ని కూడు అంటుంది, బడిని పళ్ళికూడం అంటుంది. ఆమెకి తెలుగు అక్షరాలు రావు. ఆమె మాటలు ఏ పుస్తకంలోనూ ఇంకా ఎక్కలేదు. మా ఇంట్లో చిన్నపిల్లలు అప్పుడే తమిళంలోనే జవాబు చెప్తున్నారు. మా కొండల్లో పళియర్లు కూడా ఉన్నారు. వాళ్ళ పిల్లలకి పాఠం చెప్పబోయే టీచరు ముందు వాళ్ళ మాట వినాలి కదా!

పరిశోధన అంటే పి.హెచ్‌డి. వాళ్ళ పని అని మనం అనుకుంటాం. గిడుగు మాష్టారు జీతం మీద బతుకుతూ, ఒక నోటుబుక్కు పెట్టుకుని మొదలుపెట్టారు. మనమూ ఒక నోటుబుక్కు పెడదాం. ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరూ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మాటలు, కథలు విన్నది విన్నట్టు రాసుకుని రండి. అందులో ఏవి తమిళం నుంచి వచ్చాయో తమిళ డిపార్ట్‌మెంటు స్నేహితులని అడుగుదాం, మిగతావి మన మేడమ్‌లతో కూర్చుని చూద్దాం. మొదటి పేజీలో మా అవ్వ మాటలు రాసే పని నాది.