విల్టన్ మేరియన్ క్రాగ్‌మన్

విల్టన్ మేరియన్ క్రాగ్‌మన్ (జూన్ 28, 1903 - నవంబరు 4, 1987) అమెరికాకు చెందిన ప్రముఖ మానవశాస్త్రవేత్త. అస్థికలను పరీక్షించి మృతులు స్త్రీయో పురుషుడో నిర్ధారించే విధానాన్ని పోలీసులకు, వైద్యులకు అందుబాటులోకి తెచ్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

జీవితము

ఈయన ఇల్లినాయ్ రాష్ట్రములోని ఓక్ పార్క్‌లో జన్మించాడు. 1929లో చికాగో విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొందాడు. 1931 నుండి 1938 వరకు క్లీవ్‌లాండ్‌లోని వెస్ట్రన్ రిజర్వ్ విశ్వవిద్యాలయములో వింగేట్ టాడ్ వద్ద పనిచేశాడు. హామన్, టాడ్ అనే ఇద్దరు ఆచార్యులు అక్కడ మూడు వేలకు పైగా అస్థిపంజరాలను సేకరించారు. వాటిలో అధికభాగము బంధువులెవరూ తీసుకువెళ్ళని నిరుపేదల దేహాలవే. 1938లో చికాగోకు, 1947లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి మారాడు. ఫిలడెల్ఫియాలో పిల్లల పెరుగుదలపై పరిశోధన కేంద్రాన్ని స్థాపించాడు.

లింగ నిర్ధారణ

1939లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. పత్రికలో ఎముకల గుర్తింపుపై మార్గదర్శిని ప్రచురించాడు. 1962లో న్యాయవైద్యములో మానవ అస్థిపంజరముపై గ్రంథము వెలువరించాడు. క్లీవ్‌లాండ్‌లోని 750 వయోజన అస్థిపంజరాలను పరీక్షించి తాను సాధించిన ఖచ్చితత్వాన్ని అందులో ఇలా తెలిపాడు:

- పూర్తి అస్థిపంజరము: 100 శాతము
- కటి ఎముకలు, పుర్రె కలిపి: 98 శాతము
- కటి ఎముకలు మాత్రమే: 95 శాతము
- పుర్రె మాత్రమే: 92 శాతము
- కాళ్ళు, చేతుల పొడవు ఎముకలు మాత్రమే: 80 శాతము

ప్రసవానికి అనువుగా స్త్రీ కటి వెడల్పుగా ఉంటుంది. ముందు భాగాన రెండు ఎముకలు కలిసేచోట దిగువన ఏర్పడే కోణము విశాలముగా ఉంటుంది. పురుషుని పుర్రెలో కనుబొమల గట్టు, చెవి వెనుక ఎముక ఉబ్బుగా ఉంటాయి.

పరిమితులు

ఆ సేకరణలో పురుషుల సంఖ్య చాలా ఎక్కువ. అందువలన అంచనాలు పురుషుని వైపు మొగ్గే అవకాశమున్నదని క్రాగ్‌మన్ స్వయముగా అంగీకరించాడు. యుక్తవయస్సు రాని పిల్లల ఎముకలకు ఈ శాతాలు వర్తించవు. అమెరికా కొలతలను యథాతథముగా వాడితే సన్నని ఎముకలు గల భారతీయ పురుషుని స్త్రీగా పొరబడే ప్రమాదమున్నది. అప్పుడు తప్పిపోయినవారి జాబితాలో వెతుకులాట మొదటి అడుగులోనే దారి తప్పుతుంది. సందేహము మిగిలినప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష తోడ్పడుతుంది.

తెలుగునాట ప్రభావము

కె.ఎస్. నారాయణరెడ్డి రచించిన న్యాయవైద్య పాఠ్యగ్రంథము ద్వారా క్రాగ్‌మన్ పట్టిక తెలుగు వైద్య విద్యార్థులకు సుపరిచితము. న్యాయవైద్యము ఎం.బి.బి.ఎస్.లో తప్పనిసరి పాఠ్యాంశము కనుక, సూర్యాపేటలో 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ ఇది బోధనాంశమే. సాగర్ ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో కాలువగట్టునో పొలములోనో ఎముకలు బయటపడితే, అవి మనిషివేనా, స్త్రీవా పురుషునివా అన్నవే వైద్యునికి ఎదురయ్యే తొలి ప్రశ్నలు.

చివరి దశ

1971 నుండి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో, అంగిలి చీలికతో పుట్టిన పిల్లల చికిత్సాలయములో పరిశోధనలు సాగించాడు. 1986లో మెహ్మెత్ యాషార్ ఇష్జాన్‌తో కలిసి తన గ్రంథము రెండవ ముద్రణ తెచ్చాడు. మరుసటి సంవత్సరము లాంకాస్టర్‌లోనే మరణించాడు.