చంద్రకంపాలను విన్న శాస్త్రవేత్త

విలియం మారిస్ యూయింగ్ 1906 మే 12న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించారు. ఉపకార వేతనంతో చదువుకొని 1931లో డాక్టరేటు పొందారు. 1949లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లామాంట్ పరిశోధనశాలను నెలకొల్పి, భూకంప తరంగాల అధ్యయనానికి జీవితాన్ని అంకితం చేశారు.

భూగర్భ రహస్యాలను తెలిపే పరికరమే చంద్రగర్భ రహస్యాలనూ తెలుపగలదని ఆయన విశ్వసించారు. 1962లో మూడు రేంజర్ నౌకలు అటువంటి పరికరాలతో బయలుదేరాయి. రెండు చంద్రుని చేరక దారితప్పాయి, ఒకటి కూలిపోయింది.

1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు ఆయన సభ్యుడుగా ఉన్న బృందం రూపొందించిన కంపమాపకాన్ని చంద్రునిపై అమర్చారు. దాని సంకేతాలు విచిత్రంగా ఉండడంతో, అవి నిజమైన కంపాలా, పరికర దోషమా అనే సందేహం కలిగింది. బరువు, వేగం ముందే తెలిసిన తాడనంతో పరీక్షిస్తేనే అది తీరుతుంది. ఆ నవంబరులో అపోలో 12 యాత్రికులు, పని ముగిసిన తమ చంద్రనౌకను చంద్రునిపై కూల్చారు. కొత్త కంపమాపకంలో ఆ ప్రకంపన దాదాపు గంటసేపు నమోదయింది. తేమలేని, పగుళ్లువారిన చంద్రశిలలలో కంపాలు త్వరగా అణగవని తేలింది.

యూయింగ్ 1974 మే 4న మరణించారు. చంద్రునిపై అపోలో కంపమాపకాలు 1977 వరకు పనిచేశాయి. 2023లో మన చంద్రయాన్-3 కూడా చంద్రకంపాలను నమోదుచేసే పరికరాన్ని తీసుకువెళ్ళింది. తెలిసినదానితో సరిచూసిన పిదపనే తెలియనిదానిని విశ్వసించాలన్నది ఆయన కృషి నేర్పే పాఠం.