డార్విన్ గారి కాగితాలు

డార్విన్ అనగానే మనలో చాలామందికి కోతి, మనిషి వాదమే గుర్తుకు వస్తుంది. 33 ఏళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను గనుక నాకు మాత్రం ఆయన కాగితాలు ముందు కనిపిస్తాయి.

1809లో ఇంగ్లండులో పుట్టి, 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడ మీద లోకం చుట్టివచ్చిన ఈ పెద్దమనిషికి దిగులు ఎక్కువ. వాంతులు, గుండెదడ, తలనొప్పి ఏళ్ళ తరబడి పీడించాయి. పగలు నొప్పించిన విషయం ఏదైనా రాత్రి పక్క మీద మళ్ళీ వెంటాడేదనీ, ఎవరి ఉత్తరానికైనా జవాబు రాయకపోతే ఆ వేళే ఎక్కువ బాధపడేవారనీ కుమారుడు ఫ్రాన్సిస్ రాశారు. మన వయసు వారికి ఆ రాత్రులు కొత్తవి కావు. ముక్కూమొహం తెలియనివారికి కూడా ఆయన జవాబు రాసేవారు. విసిగించేవారికి పంపడానికని అచ్చు ఫారం ఒకటి వేయించుకుని, దాన్ని దాదాపు వాడనేలేదట!

పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్న ఊగిసలాట 1838లో వచ్చింది. కాగితం మీద లాభాలు ఒకవైపు, నష్టాలు ఒకవైపు రాసుకున్నారు. పుస్తకాలకు డబ్బు తగ్గుతుందన్నది నష్టాల్లో ఒకటి. 1839 జనవరిలో ఎమ్మాతో వివాహమయింది.

నాకు అన్నిటికన్నా నచ్చినది 1844 నాటి పని. జీవపరిణామంపై తన సిద్ధాంతాన్ని 230 పుటల వ్యాసంగా రాశారు గాని అచ్చుకివ్వలేదు. ఈలోగా తాను పోతే? ఆ భయాన్ని మనసులో నానబెట్టుకోకుండా భార్య పేర ఉత్తరం రాసిపెట్టారు. అచ్చుకు 400 పౌన్లు కేటాయించాలి, సరిచూడడానికి ఫలానావారిని అడగాలి అని పేర్లతో సహా. మనం నామినేషన్ ఫారం నింపడం లాంటిదే. (ఇంకా నింపనివారు మనలో ఉన్నారు. వారెవరో వారికే తెలుసు.)

1849 జూలై నుంచి రోజువారీ ఆరోగ్య పట్టీ కూడా రాశారు. రాత్రి ఎలా గడిచింది, పగలు ఎలా గడిచింది, బాగున్న రోజులెన్ని అని లెక్క. 1855 జనవరిలో మానేశారు. మానడమే మంచిదయిందని నా అభిప్రాయం. అస్తమానం నాడి చూసుకుంటూ కూర్చుంటే జబ్బు మరుపుకు వచ్చేదెప్పుడు?

1851 ఏప్రిల్ 23న పదేళ్ళ కూతురు యానీ మాల్వెర్న్‌లో కన్నుమూసింది. గర్భవతి అయిన ఎమ్మా ఇంటి దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా వారానికి డార్విన్ కూర్చుని, పాప ముఖం, ఆటపాటలు, స్వభావం అన్నీ చెదిరిపోకముందే రాసిపెట్టారు. దుఃఖం తీరిందని కాదు. ముసలితనంలో కూడా ఆ పిల్లను తలచుకుంటే ఆయనకు కళ్ళ నీళ్ళు వచ్చేవి.

1858 జూన్‌లో వాలెస్ అనే ఆయన దగ్గరనుంచి అచ్చంగా ఇదే సిద్ధాంతంతో ఒక వ్యాసం వచ్చింది. ఇరవై ఏళ్ళ శ్రమ పోయిందనుకున్నారు. అదే నెలలో పసికొడుకు కూడా పోయాడు. అయితే 1844 నాటి కాగితాలు భద్రంగా ఉన్నాయి గనుక, మిత్రులు లయెల్, హుకర్ వాటిలో కొంతభాగాన్నీ వాలెస్ వ్యాసాన్నీ కలిపి జూలై 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ సభలో చదివించగలిగారు. పుస్తకం 1859 నవంబరులో వెలువడింది.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న కాలం చేశారు. ఆ సిద్ధాంతానికి ఆయన 1842లో పెన్సిలుతో రాసుకున్న మొదటి చిత్తుప్రతి, ఎమ్మా కూడా పోయిన 1896లో, వాళ్ళింట్లో మెట్ల కింది అలమారులో దొరికింది.